కొలువు క్రింది చిన్నయూరు

బొమ్మల కొలువు తీర్చుట మనకు క్రొత్త సంగతి కాదు. కోస్తా జిల్లాల సోదరీమణులు సంక్రాంతికి తీర్తురు. మైసూరు సీమకు దగ్గరగా నున్న మా యిండ్లలో నవరాత్రములకు తీర్చుట వాడుక. మెట్లు బేసిసంఖ్యగా నుండవలెననియు, దేవతల బొమ్మలు పై మెట్లనుండవలెననియు, పేరంటమునకు వచ్చిన ముత్తైదువలకు శనగలు, తాంబూలము ఈయవలెననియు మీలో నెఱుగనివారెవరు? కావున మెట్లను గూర్చి మేము వ్రాయబోము. మెట్లకు క్రింద, నేలమీద, పిల్లలు తీర్చు చిన్నయూరును గూర్చి వ్రాయదలచితిమి.

ఆ యూరు మీరును చూచియే యుందురు. ఎఱ్ఱమన్ను పోసి, అద్దపుముక్క నొకదానిని చెరువని పెట్టి, రాగులు చల్లి పైరని చెప్పుదురు. ఒక మూల గుడి, ఒక మూల బండి, నడుమ పులి. ఆ పులి యెందులకు వచ్చినదో యెవరును అడుగరు. పెద్దల శ్రద్ధ యంతయు మెట్లపై నుండును. మేమును పెండ్లియై గాండ్లపెంటకు వచ్చిన తరువాత చాలకాలము అట్లే నడుపుకొంటిమి. మూడేండ్ల నుండి మాత్రము మాకు కొలువులో నీ యూరే ముఖ్యమైనది. అందులకు కారణము మేము చేసిన యొక తప్పు.

మా అత్తగారికి పుట్టింటివారు పెట్టిన కొండపల్లి బొమ్మ యొకటి కలదు. రోకలి పట్టి వడ్లు దంచు స్త్రీ. ఎత్తు అయిదంగుళములకు కొంచెము మీరును. పచ్చరవిక, ఎఱ్ఱకోక. ఏటేట నాలుగవ మెట్టుమీద నుండెడిది. మూడేండ్ల క్రిందట మేము, "దంచు ఆడుది మెట్టుమీద నిలిచి యేమి దంచును? పల్లెలో నుండవలెను గదా" యని తలచి, ఆమెను క్రిందికి దించి రాగిపైరు ప్రక్కన నిలిపితిమి. చూచినవారెల్లరు మెచ్చుకొనిరి. పైరు వాడిపోకుండ దినమునకు రెండుమార్లు నీరు చిలుకరించుచుంటిమి. దుర్గాష్టమినాటి ఉదయమున చూతుము గదా, ఆమె ప్రక్కకు ఒరిగియున్నది. ఎత్తబోగా మేను చేతికి వచ్చినది, పాదములు మన్నులోనే నిలిచినవి. కోక అంచు రంగు తడిమన్నులో కలిసిపోయినది.

అత్తగారు కోపింపలేదు. "మా అమ్మ ఇచ్చిందమ్మాయీ" అని మాత్రమే యనిరి. ఆ దినమున మాకు అన్నము సహింపలేదు.

పిమ్మట గదా యా బొమ్మ యెట్లు చేయబడినదని విచారించితిమి! కొండపల్లి బొమ్మలు తెల్లపొణికి కర్రతో చేయుదురు. అది మిక్కిలి తేలికయైన మెత్తని కర్ర. కాళ్ళు చేతులు వేరువేరుగా చెక్కి, మేనికి మక్కుతో నతికింతురు. మక్కనగా చింతగింజల పిండితో కాచిన జిగురులో రంపపుపొట్టు కలిపిన ముద్ద. దానిపై సున్నపు పూత, సున్నముపై రంగులు. ఇందులో నీటికి తాళగలది యేదియు లేదు. తిండిగింజతో చేసిన జిగురు తొమ్మిదిదినములు తడిమన్నులో నిలిచిన నేమగును? ఈ సంగతి మన వంటయింటి బుద్ధికి తోచవలసినదే. మాకు తోచలేదు.

మరమ్మతు అత్తగారే చేయించిరి. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానవేసి, మెత్తగా రుబ్బి, సన్నని సెగపై కాచితిమి. వడ్రంగి యింటినుండి తెచ్చిన రంపపుపొట్టును పలుచని గుడ్డలో జల్లించి కలిపితిమి. పాదములు నిలిచినవి. కోక అంచున మేము వేసిన యెఱుపు, పాతయెఱుపు ఒకటి కాలేదు. ఇప్పటికిని దగ్గరగా చూచినవారికి తెలియును.

అప్పటినుండి మాయింట పైరు వేరు, నేల వేరు. పైరును తగరపు పళ్ళెములలో వేసి, పళ్ళెము అంచు కనబడకుండ చుట్టును పొడిమన్ను కప్పుదుము. బొమ్మలు పొడినేలమీదనే నిలుచును. నీరు చిలుకరించునపుడు పళ్ళెమును బయటికి తీసి, తడిపి, నీరోడిన తరువాత మరల నుంచవలెను. ఇది కొంత శ్రమయే. కాని, పోయిన రంగు మరల రాదు.

ఇక రెండవ సంగతి కొలత. దీనిని మాకు తెలిపినవారు మావారు. బడిలో పిల్లలకు లెక్కలు చెప్పువారు గావున, వారికి మా యూరు చూచి నవ్వు వచ్చెను. "ఆ గుడి వాకిట ఆ మనిషి దూరగలడా? ఆ బిందె ఆమె నడుముకంటె పెద్దదిగా నున్నదే!" యనిరి. మాకు రోషము వచ్చినది గాని, స్కేలు పెట్టి చూడగా నిజమే. అయిదంగుళముల పైచిలుకు స్త్రీ అయిదడుగుల పైచిలుకు మనిషికి ప్రతినిధి. అనగా అడుగునకు అంగుళము. పండ్రెండింట నొక వంతు. ఈ యొక్కమాట పట్టుకొన్నచో తక్కిన కొలతలు వేళ్ళమీద లెక్కించుకొనవచ్చును. ఏడడుగుల వాకిలి యేడంగుళములు. మూడడుగుల తులసికోట మూడంగుళములు. నడుమున పెట్టుకొను బిందె అంగుళమునకు మించరాదు. నాలుగడుగుల యావు నాలుగంగుళములు. మా యింటనున్న అంబారీ యేనుగు అయిదంగుళములదే. ఆ లెక్కను అది ఆ దంచు స్త్రీకి చెల్లెలివలె నుండును! దానిని మెట్టుపైకి పంపివేసితిమి.

నేల విషయముననుగూడ నీ కొలత మరువరాదు. ఇసుకలో కందిగింజంత రాయి యున్నచో, ఆ యూరివారికి అది పిడికిలి నిండు రాయి. కావున మన్నును పిండిజల్లెడలో పట్టి వీథులకు వాడుదుము. జల్లెడలో మిగిలిన గరుకును పొలముగట్లకు వాడుదుము. రాగులు మొలకెత్తి అంగుళమున్నర పెరిగిన దినమున వరినారువలె నుండును. గోధుమలు తొమ్మిదిదినములలో అయిదారంగుళములకు లేచును. అనగా ఆ యూరిలో నది నిలువెత్తు జొన్నచేను. అందువలన గోధుమను వెనుకను, రాగిని ముందును ఉంచవలెను. తారుమారైనచో మనుష్యులు కనబడరు.

సామగ్రి కొనవలసిన పని తక్కువ. మా వైపు శెనక్కాయలకు కొదువ లేదు. ఆ పొట్టును పగులగొట్టి, గరుకువైపు పైకి వచ్చునట్లు అట్టమీద అతికించి, బూడిదరంగు పూసినచో మా బండకొండల పోలిక వచ్చును. జొన్నదంటు బెండుతో పిల్లలు బండ్లు చేయుట చిన్ననాటనుండి చూచినదే. ఆ చేతనే వాసములు, దూలములు చేయవచ్చును. కొండలకు థర్మోకోలు వాడవచ్చును గాని, కొన్ని జిగురులును సీసాలలో వచ్చు కొన్ని రంగులును దానిని కరిగించును. పాత కాగితములను నానవేసి, మెంతులు కలిపి రుబ్బిన గుజ్జు మేలు. మన అవ్వలు తట్టలకు, చేటలకు పూసినది అదియే. మెంతి యున్నచో పురుగు తొందరగా పట్టదు. ఎండిన తరువాత గట్టిగా నుండును.

చెరువునకు అద్దము పెట్టువారు దాని అంచులను మన్నుతో కప్పుట మరువకుందురు గాక! అంచు కనబడెనా, అది చెరువు కాదు, ముఖము చూచుకొను అద్దమే. మయసభలో సుయోధనుడు నీటిని నేలయని, నేలను నీరని భ్రమపడుటకు కారణము అంచు దెలియకపోవుటయే గదా!

మఱియొకటి. ఈ యూరును నేలమీద తీర్చినచో చూచువారు పైనుండి చూతురు. అపుడు కనబడునవి కప్పులు, చెట్లతలలు మాత్రమే. తలుపులు, గోడమీది ముగ్గులు ఎంత నేర్పుతో వ్రాసినను వృథా. అందుచేత మేము బల్లమీద తీర్చుట మొదలిడితిమి. చాపమీద కూర్చున్న పేరంటాండ్ర కంటి యెత్తునకు వాకిళ్ళు వచ్చినవి. అత్తగారు మొదట నొప్పుకొనలేదు. బల్ల యెత్తైనచో ఊరు క్రింది మెట్టునకు సమానమగునని వారి యభ్యంతరము. తుదకు మెట్లనే యొక యిటుకవరుస మీదికి లేపితిమి.

ఇట్టి చిన్న దృశ్యములను పాశ్చాత్యులు డయోరమా యందురు. ఆ పేరు బొమ్మలనుబట్టి పుట్టినది కాదు. 1822లో పారిస్ నగరమున డాగేర్ అను చిత్రకారుడు బూటన్ అను తోడి చిత్రకారునితో గూడి యొక ప్రదర్శనశాల తెరచెను. వెలుగు దూరు పలుచని గుడ్డపై పెద్ద చిత్రములు వ్రాసి, ముందునుండియు వెనుకనుండియు వెలుతురు మార్చుచు, పగలు రాత్రియైనట్లు చూపెడివారు. తరువాత ఛాయాచిత్రవిద్యకు ఆద్యులలో నొకడుగా పేరొందినవాడు ఈ డాగేరే. పిదప ఆ పేరు వస్తుప్రదర్శనశాలలలో జంతువుల చుట్టును అడవిని నిర్మించి చూపు గాజుపెట్టెలకు వచ్చెను. అమెరికాలోని మిల్వాకీ ప్రదర్శనశాలకై 1890లో ఏక్లీ అనునతడు నీటియెలుకల గూటిని అట్లు నిర్మించెను.

వెలుగు వెనుకనుంచి కథ చూపుట మన జిల్లాకు పారిస్ నేర్పవలసిన విద్య కాదు. ధర్మవరము దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారుల కుటుంబములు నేటికిని మేకతోలును పలుచగా చేసి, రంగులు వేసి, రంధ్రములు పొడిచి, బొమ్మలు చేయుచున్నారు. ఆ యూరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చినది. వారి బొమ్మలలో మా అడుగు అంగుళముల లెక్క చెల్లదు. తెరమీద ప్రధానపాత్రలు మనిషియెత్తువరకు నుండును, చిన్నపాత్రలు చిన్నవిగా నుండును. అక్కడ కొలత కథలోని గౌరవమునుబట్టి. మేము వారి పద్ధతినుండి గ్రహించినది వెలుతురు మాత్రమే. ఊరి వెనుక తెల్లని పలుచగుడ్డ బిగించి, ఆకాశమునకు నీలిరంగు పలుచగా పూసి, గుడ్డ వెనుక చిన్న విద్యుద్దీపముల దండ నుంచితిమి. సాయంకాలమున దానిని వెలిగించినపుడు ముందరి దీపమార్పినచో ఊరికి చీకటి పడును. నూనెదీపమును మాత్రము గుడ్డకు, గోధుమపైరునకు దూరముగా నుంచవలెను.

కడచిన దసరాకు ఏ దృశ్యము తీర్తమని యింట తర్కము వచ్చినది. మావాడు, పండ్రెండేండ్లవాడు, "తిమ్మమ్మ మర్రిమాను చేద్దామమ్మా" యనెను. కదిరి ప్రాంతమువారికి ఆ వృక్షమును వర్ణింపనక్కరలేదు. దూరపు సోదరీమణులకై చెప్పుదుము. గూటిబయలు గ్రామమున నున్న ఆ మఱ్ఱి 1989లో ప్రపంచమున కెల్ల పెద్ద మఱ్ఱిగా గిన్నిసు గ్రంథమున కెక్కినది. దాని నీడ 19,107 చదరపు మీటర్లని లెక్క, అనగా 4.7 ఎకరములు. ఊడలు వేయికి మించినవందురు. ఏది మొదటి బోదెయో, ఏది యూడయో చూచువారికి తెలియదు. అచ్చటికి వచ్చిన స్త్రీలు తిమ్మమ్మకు మ్రొక్కుకొందురు. ఆమె భర్తతో సహగమనము చేసినచోట చితికి పాతిన గుంజయే చిగిర్చినదని ఐతిహ్యము. మాకు ఆ కథలో చితి రుచింపదు, చిగురు రుచించును. మేము తీర్చదలచినది చెట్టునే.

మావారు పలకమీద లెక్క వేసిరి. ఆ నీడ గుండ్రముగా నున్నదనుకొన్నచో అడ్డుకొలత 156 మీటర్లు, 510 అడుగుల పైన. అడుగునకు అంగుళము చొప్పున 42 అడుగుల పైన. మా నడవ పదునాలుగడుగులు! "ఇల్లు కూల్చి కట్టుకొందమా?" యని వారు పరిహాసమాడిరి. చెట్టును చిన్నది చేసినచో ఊరివారు రాక్షసులగుదురు. ఊరివారికి తగినట్లు చేసినచో ఇల్లు చాలదు. రెండు దినములు ఆ కోరికను మానుకొంటిమి.

ఉపాయము అత్తగారి నోట వచ్చినది. "ఆ మాను మొత్తం ఎవరు చూసినారు? కింద నిలబడితే ఊడలే కదా కనపడేది" యనిరి. అంతే! చెట్టును చేయనక్కరలేదు, చెట్టుక్రింద చేసిన చాలును. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు బల్లమీద ఇరువది యూడలు నిలిపితిమి. పైన అడ్డముగా కట్టిన అట్టకు రంపపుపొట్టును పచ్చరంగులో తడిపి ఆరబెట్టి అద్దితిమి. చూచువారి కంటికి కొమ్మలు అట్ట అంచు దాటి యెటో పోయినట్లుండును. వేలాడు సన్నని యూడలకు కొబ్బరిపీచు పేని గంజిలో ముంచి ఆరవేసితిమి. నేలనంటిన లావుపాటి యూడలకు ఎండిన వేళ్ళను ఏరి తెచ్చితిమి. రెండు ప్రక్కలను నిలువుటద్దములు, లోపలివైపునకు మొగము చేసి నిలిపితిమి. ఒకదానిలో నొకటి ప్రతిఫలించి ఇరువదియూడలు లెక్కకు మించినవాయెను. అద్దమును కొంచెము ముందుకు వాల్పవలెను. లేనిచో చూచువారి ముఖము చెట్టులో కనబడును. అది మొదటిదినమున పేరంటాండ్రు నవ్విన తరువాత గ్రహించితిమి. వెనుకవరుసలో అంగుళమున్నర యెత్తు బంకమట్టి మనుష్యులను నిలిపితిమి. వారు దూరముననున్నట్లు తోచిరి. దంచు స్త్రీ ముందు, పొడినేలమీద, ఒక యూడ నీడను నిలిచినది.

ఇంతవరకు అందరికిని సంతోషమే. అపుడు మావాడు తన బొమ్మను తెచ్చెను. కదిరి తిరునాళ్ళలో కొన్నది, స్పైడర్‌మ్యాన్ అను సాలెపురుగు వీరుడు, ఎఱుపు నీలము ప్లాస్టిక్ మేను, మోకాలు మోచేయి కీళ్ళతో కదలును. "వీడుకూడా కొలువులో ఉండాల" యని పట్టు. అత్తగారు, "అమ్మవారి ఎదుట రబ్బరుబొమ్మ ఏమిరా?" యనిరి. మాకును మనసొప్పలేదు. ఆ దృశ్యములో ఆ రంగులు కంట గ్రుచ్చునట్లుండునని మా భయము. వాడు భోజనము చేయక, ఆ బొమ్మను ఒడిలో పెట్టుకొని వాకిట కూర్చుండెను.

మావారి నాశ్రయించితిమి. ఇట్టి బొమ్మల పుట్టుక వింతగా నున్నదని వారు చెప్పిరి. 1964లో అమెరికాలో హాస్‌బ్రో కంపెనీవారు సైనికుని రూపమున, కదలు కీళ్ళతో నొక బొమ్మను అమ్మకమునకు తెచ్చిరట. బొమ్మలన్నచో మగపిల్లలు ఆడరని శంకించి, దానిని బొమ్మయనక 'యాక్షన్ ఫిగర్' అని పేరు పెట్టిరట. ఈ మాట విని మాకు విరాటపర్వము తలపునకు వచ్చినది. ఉత్తర తన బొమ్మలకై కౌరవవీరుల రంగురంగుల వస్త్రములు తెమ్మని బృహన్నలను కోరెను గదా! అర్జునుడంతటివాడు ఆ కోరిక మరువక తెప్పించెను. వీరులను బొమ్మల దరికి రానీయక యుండుటకు మేమెవరము?

స్కేలు తెచ్చి ఆ వీరుని కొలిచితిమి. సరిగా ఆరంగుళములు! ఆరడుగుల మగవానికి సరియైన కొలత. దంచు స్త్రీ ప్రక్కన నిలిపిన, ఒకే యూరివారైనట్లు తల, భుజము సరిపోయినవి. పొణికికర్రకును ప్లాస్టిక్కునకును చుట్టరికము కుదిర్చినది ఆ యంగుళమే. కొలువు మెట్టుమీదికి మాత్రము వాడు రాడని అత్తగారు కచ్చితముగా చెప్పిరి. చెట్టుక్రిందికి రావచ్చుననిరి. అక్కడ వాడేమి చేయవలెనని యడుగనక్కరలేకపోయినది. మఱ్ఱిచెట్టు దగ్గరకు పోయిన పిల్లవాడు ఏమి చేయును? మావాడు ఆ వీరుని రెండుచేతులను ఒక యూడకు చుట్టి, మోకాళ్ళు మడిచి, ఊగుచున్నట్లు వ్రేలాడదీసెను. పీచు బరువునకు సాగకుండ లోపల సన్నని ఇనుపతీగె దూర్చితిమి.

ఆ సాయంకాలము పేరంటమునకు వచ్చిన వృద్ధురాలొకామె మెట్లవైపు చూడక, చాలసేపు ఆ బల్లయెదుట కూర్చుండి, "నేను చిన్నప్పుడు ఇట్లే ఊగినాను, మా నాయన కొట్టినాడు" అనెను. తరువాత శనగల పొట్లము మరచి లేచిపోగా, మావాడు వెంట పరుగెత్తి యిచ్చి వచ్చెను.

విజయదశమి మరునాడు బొమ్మల నెత్తి పాతధోవతి ముక్కలలో చుట్టితిమి. దంచు స్త్రీని అత్తగారే చుట్టిరి. వీరుడు పెట్టెలోనికి పోలేదు. వానిని మావాడు పట్టుకొనిపోయెను.

ఈ యేడు ఆ యూరికి బావి త్రవ్వవలెనని యున్నది. మా పెరటిబావి నలువదడుగులు. అడుగునకు అంగుళమైనచో బల్లయెత్తుకంటె లోతు కావలెను. అడుగున అద్దము పెట్టిన గోడ ప్రతిఫలించి లోతు రెండింతలగునని మావారందురు. నల్లగుడ్డ చాలునని అత్తగారందురు. సోదరీమణులలో నెవరైన బావి తీర్చియున్నచో, దేనితో తీర్చిరో పత్రికకు వ్రాయ ప్రార్థించుచున్నాము. నవరాత్రములకు ముందుగా అందినచో మాకు మేలగును.